గడ్డం కాస్త ముందుకి

జూన్ 3, మంగళవారం

కెమెరా ముందు కూర్చోగానే మనిషి ముఖం ఎందుకు మారిపోతుంది? అప్పటిదాకా పక్కవాళ్ళతో పోట్లాడుతున్నవాడు, స్టూల్ ఎక్కి లైటు పడగానే ఎవరో కొత్తవాడవుతాడు. ఇరవై రెండేళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను, జవాబు దొరకలేదు. ఫిలాసఫీలో ఎం.ఏ. చేసి పాస్‌పోర్ట్ ఫోటోలు తీసుకునేవాళ్ళకి ఇలాంటి ప్రశ్నలే మిగులుతాయని మా ఆయన వేళాకోళం.

ఈరోజు డైరీ తీయడానికి కారణం వేరే. ఇంకో ఆరు వారాల్లో అమ్మాయికి బ్రేసెస్ తీసేస్తామన్నాడు డాక్టరు. పదిహేనో ఏట వేయించాం. ఆగస్టులో దానికి పద్దెనిమిది నిండుతాయి. పళ్ళు అచ్చు గుద్దినట్టు వరసలో ఉన్నాయి. నేను సంతోషించాలి.

కానీ పొద్దున అది బ్రెడ్ తినడం చూశాను. ముందు పళ్ళతో కొరకలేదు. చేత్తో తుంచి, తల ఓ పక్కకి వంచి, పక్క పళ్ళ మధ్యకి తోసింది. అంత ముచ్చటైన ముందు పళ్ళు పెట్టుకుని, మెత్తటి బ్రెడ్‌ని ఎవరైనా అలా తింటారా?

ఏదో దాస్తోంది.

జూన్ 5

అది స్నానానికి వెళ్ళినప్పుడు ఎలాస్టిక్స్ ప్యాకెట్ లెక్కపెట్టాను. సిగ్గుగానే ఉంది.

జూన్ 6

ఎలాస్టిక్స్ అంటే పై పళ్ళ కొక్కేనికీ కింది పళ్ళ కొక్కేనికీ మధ్య తగిలించుకునే బుల్లి రబ్బరు బ్యాండ్లు. రోజంతా ఉండాలి, తినేటప్పుడు మాత్రం తీయొచ్చు. పెట్టుకున్నామని చెప్పి పెట్టుకోకపోవడం పేషెంట్లు చేసే మొదటి మోసమని డాక్టరు ఎప్పుడో నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నా బుర్రలో ఉండిపోయింది.

లెక్క సరిపోయింది. వాడకుండా పారేస్తుందేమోనని చెత్తబుట్ట కెలికాను. దొరికినవన్నీ సాగిపోయినవే. వాడినవే. నేరం రుజువు కాలేదు. అనుమానం మాత్రం పోలేదు, అమ్మాయిని వదిలి డాక్టర్ని పట్టుకుంది.

జూన్ 9, సోమవారం, సాయంత్రం 6

క్లినిక్‌కి వెళ్ళొచ్చాం. గోడనిండా ఫ్రేములు కట్టిన నవ్వులు. ముఖాల్లేవు, పెదాలూ పళ్ళూ మాత్రమే. అంత దగ్గరగా క్రాప్ చేస్తే ఎవరి నోరైనా బావుంటుంది. ఆ పని నేనూ చేస్తాను కాబట్టి నాకు తెలుసు.

డాక్టరు నిదానస్తుడు, యాభై దాటినవాడు. ఇంట్లో మేమంతా తీగలాయన అంటాం. కుర్చీ వెనక్కి వాల్చి, పైన లైటు వేసి, కొరకమ్మా అన్నాడు. అది కొరికింది. పై పళ్ళు కింది పళ్ళ మీదకి ఒద్దికగా దిగాయి. అద్దం పెట్టి నాకు చూపించాడు. వంక పెట్టడానికి లేదు.

మరి ముందు పళ్ళతో ఎందుకు కొరకదని అడిగాను. పాత అలవాటమ్మా, పోతుందిలే అన్నాడు. పెదాలు కలిపితే గడ్డం మీద బత్తాయి తొక్కలా గుంటలు పడుతున్నాయన్నాను. కొంతమందికి అంతే అన్నాడు. నిన్న టీవీ చూస్తున్నప్పుడు పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య నా చిటికెనవేలు పట్టేంత సందు ఉందన్నాను. అమ్మా, మీరు ఫోటోలు తీస్తారు కదా, కోణం మారితే లేని సందు కూడా కనిపిస్తుంది, అది నేను మీకు చెప్పాలా అని నవ్వాడు. పక్కనున్న నర్సు కూడా నవ్వింది. నా వృత్తిని తీసి నా నెత్తినే కొట్టాడు.

వచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూర్చుని అమ్మాయి మొదలెట్టింది. నన్ను కస్టమర్ని చూసినట్టు చూస్తావేంటమ్మా అంది. కస్టమర్లే నయం, ఒక్క ఫోటోతో వదిలేస్తావు, నన్ను మూడుపూటలా కళ్ళతో తీస్తూనే ఉంటావు అంది. సిగ్నల్ దగ్గర పక్క బండి ఆయన తల తిప్పి మరీ నన్ను చూశాడు.

జూన్ 10

మా ఆయనకి చెప్పాను. ఆయనది డ్రైవింగ్ స్కూలు. దేనికైనా బండి భాషే. గేర్లు పడుతున్నాయి, బండి కదులుతోంది, మళ్ళీ బానెట్ ఎందుకు ఎత్తుతావు అన్నాడు. చప్పుడొస్తోంది అన్నాను. ఎక్కడ్నుంచి అన్నాడు. తినేటప్పుడు దాని చెవి దగ్గర, దవడ కీలులోంచి, టక్కుమని అన్నాను. కాసేపు గంభీరంగా ఆలోచించి, కొత్త బండికి కొన్నాళ్ళు అలాగే ఉంటుంది అన్నాడు.

 ఈయనకి నిజంగా వినబడదా, విననట్టు ఉంటున్నాడా?

జూన్ 14, శనివారం

మా స్టూడియోలో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. పొద్దున షట్టర్ తీశాక, మొదటి కస్టమర్ రాకముందే, ఇంట్లోవాళ్ళు ఒకరు స్టూల్ మీద కూర్చోవాలి. లైట్లు సరిచూసుకోడానికి టెస్ట్ షాట్. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. నా చిన్నప్పుడు నేను కూర్చునేదాన్ని. దానికి ఐదేళ్ళు వచ్చినప్పట్నుంచీ అది కూర్చుంటోంది, స్కూలు బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని. వెన్ను నిటారుగా, గడ్డం కాస్త ముందుకి, కదలకు. నాన్న నాకు చెప్పినవే దానికి చెప్పాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. పద్ధతి పోలేదు.

ఈరోజు ఆ ఫోల్డర్లన్నీ తెరిచాను. పన్నెండేళ్ళ ముఖం. అదే స్టూలు, అదే లైటు, అదే దూరం. ఏ కోర్టుకిచ్చినా చెల్లే సాక్ష్యం. పక్క పోజులన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాని మీద నుదుటి నుంచి గడ్డం దాకా గీత గీశాను. పదేళ్ళప్పుడు పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఇప్పుడు లేవు. గడ్డం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉండాల్సిన చోటే ఉంది.

అంటే డాక్టరు చెప్పిందే నిజం. చెడింది నా కళ్ళు. లేదా బుర్ర.

జూన్ 15

మరి బ్రెడ్?

జూన్ 21, మధ్యాహ్నం 3

దాని బ్యాగులో నొప్పి మాత్రల స్ట్రిప్. పదింట్లో ఏడు ఖాళీ. అడిగితే పరీక్షల తలనొప్పి అంది. నేను అలాగే చూస్తూ నిలబడ్డాను. చూస్తూ నిలబడటం నాకు వచ్చిన విద్య. చివరికి చెప్పింది. పొద్దున లేచేసరికి చెవి ముందు లాగుతుందట. నోరంతా ఎండిపోయి ఉంటుందట. ఎన్నాళ్ళ నుంచి అంటే భుజాలెగరేసింది.

నాకెందుకు చెప్పలేదే అన్నాను. చెప్తే ఏం చేస్తావు, తీగలాయన దగ్గరికి లాక్కెళ్తావు, ఆయన బావుందంటాడు, నువ్వు కాదంటావు, మధ్యలో నోరు తెరుచుకుని పడుండేది నేను కదా అంది.

ఇప్పుడు పడుకుంది. గుమ్మంలోంచి చూశాను. నోరు తెరుచుకుని, సన్నటి గురక. కింది దవడ మెడలోకి జారిపోయినట్టుంది. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తి, దించేశాను. నిద్రలో ఎవరి దవడైనా జారదా? ఇది కూడా సాక్ష్యం కాదు.

జూలై 4, శుక్రవారం

పాస్‌పోర్ట్ ఫోటోకి ఒకావిడ వచ్చింది. నా వయసే. చేతి గీతల్లో, గోళ్ళ మొదళ్ళలో తెల్లటి పొడి. ఎంత కడిగినా పోదండీ, ప్లాస్టర్ అంది. డెంటల్ క్లినిక్‌లకి పళ్ళ అచ్చులు చేసిస్తుందట.

నేను లైటు సర్దుతుంటే అమ్మాయి తాళాల కోసం వచ్చి, ఏదో జోకేసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి వెళ్ళింది. ఆవిడ స్టూల్ మీంచి సగం లేచింది. ఈ పళ్ళు నాకు తెలుసు అంది. ముఖాలు గుర్తుండవు గానీ పళ్ళు మర్చిపోనండీ, తీగలేసి వరస మార్చినా వాటి ఆకారం మారదు, పెళ్ళిళ్ళకెళ్తే మహా ఇబ్బంది, నోళ్ళన్నీ చుట్టాల్లా అనిపిస్తాయి, మనుషులెవరో ఒక్కరూ తెలీదు అంది. నవ్వాను. క్లినిక్ ఏదో అడిగింది. చెప్పాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మూడేళ్ళ కిందట ఈ అచ్చులు వారం రోజులు నా ప్రాణం తీశాయి అంది. పై అచ్చునీ కింది అచ్చునీ ఎలా కలపాలో తెలియడానికి, పేషెంట్ చేత ఒక మైనం ముక్క కొరికించి పంపిస్తారట. మైనంలో ఎలా గుర్తు పడితే అచ్చులు అలా కలపాలి. అలా కలిపితే చూడ్డానికి పొందిగ్గానే ఉన్నాయట. కానీ తిని తిని దవడపళ్ళ మీద అరుగుడు మచ్చలు పడతాయి కదా, పై మచ్చలూ కింది మచ్చలూ ఒకదాని మీదకి ఒకటి రాలేదట. విసుగొచ్చి మైనం తీసి పక్కన పారేసి, కింది అచ్చుని వెనక్కి జరిపితే గొళ్ళెం పడ్డట్టు కూర్చున్నాయట. అప్పుడు ముందు పళ్ళ మధ్య ఇంత సందు అని చూపుడువేలు అడ్డంగా పెట్టి చూపించింది. పిల్ల తినేదొకచోట, చూపించేదొకచోట అనుకున్నానండీ అంది.

వాళ్ళకి చెప్పలేదా అన్నాను. ఫోన్ చేశాను, అక్కడ ఎవరో అసిస్టెంటు, మైనం ఎలా ఉంటే అలా చేసి పంపండి మేడం, పళ్ళ సంగతి మేం చూసుకుంటాం అన్నాడు అంది. మళ్ళీ నేను చెప్పానని అనకండి, నాలుగు క్లినిక్‌లని నమ్ముకుని బతికేదాన్ని అంది.

ఆవిడ ఫోటో మూడుసార్లు తీశాను. రెండుసార్లు ఫోకస్ తప్పింది.

జూలై 5

అంటే క్లినిక్‌కి మూడేళ్ళ కిందటే చెవిన పడింది. ఎవరూ పట్టించుకోలేదు. లేదా పట్టించుకోకూడదనుకున్నారు.

జూలై 9, బుధవారం, రాసేసరికి సాయంత్రం అయింది

పొద్దున్నే అమ్మాయిని తీసుకుని క్లినిక్‌కి వెళ్ళాను. అచ్చులావిడ మాట ఎత్తలేదు. పాత అచ్చులు తెప్పించండి, అరుగుడు మచ్చలు చూడండి అన్నాను. ఈ మాటలు మీకెక్కడివి అన్నాడు. చదివాను అన్నాను. తీగలాయనకి మొదటిసారి విసుగొచ్చింది. మీ తృప్తి కోసం అన్నాడు. అమ్మాయిని పడుకోబెట్టి, లైటు లాగి, కొరకమ్మా అన్నాడు. అది కొరికింది. మళ్ళీ పళ్ళు అంతే ఒద్దికగా కలిశాయి. ఏమంటారు అన్నట్టు నా వైపు చూశాడు. అమ్మాయి కళ్ళు మూసుకుంది, నా పరువు తీశావు అన్నట్టు.

అప్పుడు నర్సు ట్రే పెట్టడానికి లైటుని పక్కకి తోసింది.

నేను చూశాను. లైటు దాని ముఖం మీంచి తప్పుకోగానే గడ్డం వెనక్కి వెళ్ళింది. మెల్లగా, సొరుగు మూసినట్టు. కింది పెదవి పై పళ్ళ వెనక్కి దూరింది. నర్సు లైటు మళ్ళీ లాగింది. గడ్డం ముందుకొచ్చింది.

 పన్నెండేళ్ళు ప్రతి పొద్దునా నేను చూసిన కదలిక అది. స్టూల్ మీద, లైటు వేయగానే. నేనే చెప్పి చేయించింది.

లైటు ఆపండి అన్నాను. డాక్టరు ఆగి నన్ను చూశాడు. ఆపండి, కిటికీ వెలుగు చాలు అన్నాను. ఎందుకో ఈసారి మారు మాట్లాడలేదు, ఆపేశాడు. దవడ తన అలవాటు మర్చిపోవాలంటూ దవడపళ్ళ మధ్య దూది చుట్టలు పెట్టి, కబుర్లు చెబుతూ పది నిమిషాలు కూర్చోబెట్టాడు. కాలేజీ గురించి, బస్సు గురించి. తర్వాత దూది తీసి, మింగమ్మా అన్నాడు, కొరకమనలేదు. మింగింది. పళ్ళు కలిశాయి. పై ముందు పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య సందుని చిన్న స్కేలు పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తొమ్మిది మిల్లీమీటర్లు అన్నాడు, నాతో కాదు, స్కేలుతో.

స్కేలు ట్రేలో పెట్టాడు. దవడ ముందుకు పెట్టి చూపించే పిల్లలు ఉంటారని మాకు చదువులోనే చెప్తారమ్మా, ఎక్స్‌రే అప్పుడు కూడా అలాగే పెట్టుంటుంది, నేను పట్టుకోవాల్సింది, తప్పు నాది కూడా అన్నాడు.

మంచివాడే కావచ్చు. కానీ ఆ ‘కూడా’లోకి ఎవరెవర్ని లాగాడో నాకు తెలుసు.

జూలై 10

అమ్మాయిని అడిగాను. కావాలని చేశావా అని. దానికి కోపమొచ్చింది. కావాలని చెయ్యడమేంటి, ఎవరైనా సరిగ్గా పెట్టమంటే సరిగ్గా పెడతాం కదా అంది. సరిగ్గా అంటే అలాగే కదా మనింట్లో అంది. రెండోది, దవడ వెనక్కి వదిలేయడం, ఒట్టి బద్ధకం అనుకున్నాను, కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు, ఎవరైనా చూస్తే సర్దుకుంటాం కదా అంది.

దాని మాటలో తప్పేదీ దొరకలేదు. టెస్ట్ షాట్ల ఫోల్డర్లు మళ్ళీ తెరవలేదు. పన్నెండేళ్ళ సాక్ష్యం, ఒక్కటీ నిజం కాదు. సాక్షిని తయారుచేసింది నేనే.

జూలై 11

ఈరోజు టెస్ట్ షాట్ తీయలేదు. మొదటి కస్టమర్ ముఖం సగం నల్లగా వచ్చింది. మళ్ళీ పిలిపించి తీశాను.

జూలై 18, శుక్రవారం

తీగలాయనే పంపించాడు, దవడ సర్జన్ దగ్గరికి. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మొటిమల మచ్చలు, తొందరలేని గొంతు. నా అనుమానమంతా మూటగట్టుకుని వెళ్ళాను. కత్తి పట్టుకునేవాళ్ళకి ప్రతిదీ కోయాలనే అనిపిస్తుంది కదా.

ఆవిడ నోరు తెరవమనలేదు. అరగంట ప్రశ్నలడిగింది. దేన్ని కొరకలేవు? ఆవలిస్తే దవడ పట్టేస్తుందా? పెదాలు కలపడానికి బలవంతం చెయ్యాలా? పొద్దున లేస్తే అలసటా? నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లో ఎవరైనా చూశారా? అన్నీ దాన్నే అడిగింది, నన్ను కాదు. అది జవాబులు చెప్తుంటే పక్కన కూర్చుని కొత్తగా వింటున్నాను. క్యాంటీన్‌లో అందరితో కూర్చుని తినదట. నాకు తెలియదు.

తర్వాత విడమరిచి చెప్పింది. పళ్ళు పుస్తకాలనుకోండి, దవడ ఎముక అల్మారాలో అర అనుకోండి. పుస్తకాలు ఒరిగిపోతే సర్దొచ్చు. కింది అరే రెండంగుళాలు లోపలికి బిగించి ఉంటే, పుస్తకాలని అంచుదాకా లాగి వరస కలిసిందనిపించొచ్చు, అవి ఎప్పుడో పడతాయి. బ్రేసెస్ పుస్తకాలని సర్దుతాయి, అరని జరపవు అంది. దాని కింది ముందు పళ్ళు అప్పుడే బయటికి ఒరిగాయట, ఒకచోట పంటి చిగురు కిందికి దిగడం మొదలైందట. ఎక్స్‌రేలో చూపించింది. మణికట్టు ఎక్స్‌రే కూడా చూసి, ఎదుగుదల అయిపోయింది, ఇంక ఎముక దానంతటది ముందుకి రాదు అంది.

నేను అడగాల్సింది అడిగాను. పన్నెండు, పదమూడేళ్ళప్పుడు తెలిసుంటే?

అప్పుడు ఎదుగుదలని వాడుకునే క్లిప్పులు ఉంటాయి, కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి చేయవు, మీ అమ్మాయికి పనిచేసేదో లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు, ఆ లెక్క వేసుకోకండి అంది. ప్రతి తల్లికీ ఇదే చెప్తుందేమో. టేబుల్ మీద టిష్యూ డబ్బా సరిగ్గా నా చేతికందే దూరంలో ఉంది.

ఆపరేషన్ చేయించుకుని తీరాలా అన్నాను. లేదు అంది. నిద్ర టెస్ట్ చేయించండి, కీలు స్కాన్ చేయించండి, ఆలోచించుకోండి, ఏడాది ఆగినా కొంప మునగదు అంది. చేయించుకుంటే మాత్రం ముందు ఇంకో ఏడాది బ్రేసెస్, కింది పళ్ళని వాటి అసలు చోటికి వెనక్కి పంపాలి, ఆ ఏడాదంతా చూడ్డానికి ఇప్పటికంటే అధ్వానంగా ఉంటుంది, తర్వాతే దవడ అంది. కింది పెదవి, గడ్డం మొద్దుబారొచ్చు, చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంచెం మిగులుతుంది అని కూడా దాచకుండా చెప్పింది.

కోస్తానన్న డాక్టర్ని అనుమానించడానికి సిద్ధపడి వెళ్ళాను. ఆగమన్న డాక్టర్ని కూడా అనుమానించొచ్చని ఇంటికొచ్చాక తెలిసింది.

జూలై 20, ఆదివారం, పొద్దున 7

ఎవరూ లేవకముందు స్టూడియోకి వచ్చాను. లైట్లు వేయలేదు. షట్టర్ సగం ఎత్తి, ఆ వెలుగులో స్టూల్ మీద నేనే కూర్చున్నాను. టైమర్ పెట్టి, కబుర్లాడుతున్నట్టు గొణుక్కుంటూ, మింగుతూ, ఇరవై ఫోటోలు.

ఇరవయ్యింట్లోనూ మా అమ్మాయి ఉంది, అదే వెనక్కి జారిన గడ్డంతో.

అదే 20, మధ్యాహ్నం

ఆయనకి చూపించాను. ఒకసారి చూసి, అవును అన్నాడు. అవునేంటి, మీకు తెలుసా అన్నాను. తెలీకపోవడమేంటి, పెళ్ళయిన వారానికే తెలుసు, నవ్వు ఆపుకోలేనప్పుడు ఒక ముఖం, ఎవరైనా వస్తే ఒక ముఖం, నాకు రెండూ నచ్చాయి, ఒకదానితో ఒకటి ఉచితంగా వచ్చిందనుకున్నా అన్నాడు.

ఇరవై ఏళ్ళు! ఒక్క ముక్క చెప్పలేదేం అన్నాను. ఏమని చెప్పాలి, మీ ముఖం జారిపోతోందండీ అని చెప్పనా, ఆ పూట అన్నం పెట్టేదానివేనా అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు ఆపి, ఇదిగో, అది నీలా ఉందని బాధపడుతున్నావా, నీలా ఉండకుండా పోతుందని బాధపడుతున్నావా, అది తేల్చుకో ముందు అన్నాడు.

బండి మాట లేకుండా ఆయన ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. అందుకే భయమేసింది.

జూలై 26, శనివారం

నిద్ర టెస్ట్, కీలు స్కాన్ కలిపి రిపోర్టు వచ్చింది. ఊపిరి ఆగడం ఉంది, మరీ ఎక్కువ కాదు. కీలులో మెత్తటి పొర ఒకటి జారిందట. చేయించమనీ చెప్పదు, వద్దనీ చెప్పదు ఆ కాగితం.

దాన్ని అడిగాను. చేయించుకుంటాను అంది, నా కళ్ళలోకి చూసి. మొన్న ఆయన ముందు అడిగితే వద్దులే అంది. నిన్న సోఫాలో అడిగితే నువ్వెలా అంటే అలా అంది. ప్రతిసారీ ఎదుటి ముఖం చూసి చెప్తోంది. దానికి లైటు కూడా అక్కర్లేదు, నేను చూస్తే చాలు.

మధ్యాహ్నం స్టూడియో మూసి, షట్టర్ దించి, దాన్ని స్టూల్ మీద గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. నేను కుర్చీ వేసుకుని తలుపువైపు తిరిగాను. వీపులు తగులుతున్నాయి. ఇదేం పిచ్చే తల్లీ అంది, నన్నే. ఇప్పుడు చెప్పు అన్నాను.

 భయంగా ఉంది అంది. పెదవి మొద్దుబారితే అని. తర్వాత, కానీ నొప్పి విసుగొచ్చిందమ్మా, అందరి ముందు తినాలని ఉంది, ఒక ఆపిల్ మొత్తంగా చేత్తో పట్టుకుని తినాలని ఉంది అంది. తర్వాత ఇంకోటి అడిగింది. నాది మారిస్తే నీది బాలేదన్నట్టు అవుతుందా?

వెనక్కి తిరగబోయి ఆగాను. కాదే అన్నాను. అది నవ్వింది. నీ వీపు అబద్ధమాడుతోంది అంది.

ఆగస్టు 11, సోమవారం

మొన్న దానికి పద్దెనిమిది నిండాయి. ఈరోజు ఆస్పత్రిలో కాగితం ఇచ్చారు, ఇంకో ఏడాది బ్రేసెస్‌కీ ఆ తర్వాత ఆపరేషన్‌కీ కలిపి. కలం కోసం నేను బ్యాగు తెరిచేసరికి అది సంతకం పెట్టేసింది. మేజర్ కదా, తల్లి సంతకం అక్కర్లేదండీ అంది కౌంటర్లో అమ్మాయి. సాక్షిగా మాత్రం ఎవరైనా ఒకరు కావాలంది.

పెట్టాను. అది తన చేత్తో సంతకం పెట్టడం నేను చూశాను, అంతవరకు నిజం.

వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం లేదు. అవుననడానికి చాలా ఉన్నాయి. వాటిలో దాని నొప్పి కోసం ఎన్ని, పన్నెండేళ్ళూ నేను చేయించినదాన్ని చెరిపేసుకోవడం కోసం ఎన్ని, నాకు తెలియదు. తల్లి సంతకానికి గీత ఉండుంటే దాని మీద ఏం చేసేదాన్నో కూడా తెలియదు.